ఆటలు దించే అంగడి

పోయిన ఆదివారం పులివెందులలో మా ఇంట్లో కూర్చుని ఒక వీడియో గేము కొన్నాను. అంగడికి పోలేదు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. టీవీ తెర మీద ఒక బటను నొక్కితే, డబ్బులు పోయినట్టు ఫోనుకు మెసేజి వచ్చింది, ఆట వచ్చినట్టు తెర మీద ఒక బొమ్మ వచ్చింది. వ్యవహారం సాఫీగా ముగిసిందని తృప్తి పడుతుండగా మా ఆవిడ వచ్చి ఏం కొన్నావని అడిగింది. చెప్పాను. యాడుండాదని అడిగింది. టీవీ వైపు చెయ్యి చూపించాను. ఆమె టీవీ వెనక్కి తొంగి చూసింది, బల్ల కింద చూసింది, ఆ తర్వాత బల్ల మీది దుమ్ము కొంగుతో తుడిచి వంటింట్లోకి పోయింది. పెండ్లయినప్పటి నుంచి ఆమె నాతో ఇంత మర్యాదగా విభేదించడం అదే మొదలు.

ఆమె అట్లా తొంగి చూడగానే నాకు ప్రొద్దుటూరు మామ గుర్తొచ్చాడు. డౌన్‌లోడు ఆట అనే మాటను ఆయన చెవిన వేసింది నేనే. నేను అప్పుడు జమ్మలమడుగు నుంచి బస్సులో ప్రొద్దుటూరుకు వచ్చి డిగ్రీ చదువుతుండేవాణ్ణి. ఇంట్లో కూర్చునే ఆట కొన్నానని గొప్పగా చెబితే ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని అరచేయి తిప్పి చూశాడు. ఎడమచెయ్యి కూడా చూశాడు. రెండూ ఖాళీ అని తేల్చుకున్నాక, "సరే మామా, యాడుండాది?" అన్నాడు.

మామ అంటున్నాను గానీ ఆయన నాకు ఏ వరసా కాడు. ప్రొద్దుటూరులో మామా అని గట్టిగా పిలిస్తే బజారులో సగంమంది తిరిగి చూస్తారు. మిగతా సగం పనిలో ఉంటారు. ఆయన మమ్మల్ని మామా అనేవాడు, మేము ఆయన్ని మామా అనేవాళ్ళం. ఎవరు ఎవరికి పిల్లనిచ్చారో తేలకుండానే ఏండ్లు గడిచిపోయాయి.

ఆయన అంగడి బంగారు అంగళ్ళ బజారు వెనక సందులో ఉండేది. ఒకపక్క గాజుల అంగడి, ఇంకోపక్క పరుపులు కుట్టే అంగడి. పైన మేడ మీద ఇండ్లకు ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్ళ ఆఫీసు. వాళ్ళ వైర్లు మామ బోర్డు మీదుగా వేలాడి, దాని మీది అక్షరాల్లో సగాన్ని మింగేశాయి. ఆయన వాళ్ళతో చాలాకాలం కొట్లాడి, చివరికి రాజీకొచ్చి, నష్టపరిహారంగా ఒక వైరును తన అంగట్లోకి లాగించుకున్నాడు. అప్పట్లో దాంతో ఆయనకేమీ పనిలేదు. న్యాయంగా రావాల్సింది కాబట్టి తెచ్చుకుని ఒక మూల చుట్టపెట్టాడు.

లోపల గోడల నిండా సీడీలు. మధ్యలో ఆయన కుర్చీ. కుర్చీ అంటే కుర్చీ కాదు, ఏదో పాత కారులోని డ్రైవరు సీటు. ఇనుప స్టాండుకు బిగించుకున్నాడు. సీటుబెల్టు కూడా ఉండేది. పెట్టుకునేవాడు కాదు, కోసేయమంటే ఒప్పుకునేవాడూ కాదు. సన్నటి మనిషి. ఎంత ఎండాకాలమైనా గొంతుదాకా గుండీలు పెట్టిన పొడుగుచేతుల చొక్కా. శుక్రవారం మాత్రం కండ్లకు సుర్మా, చొక్కాకు అత్తరు. ఆ రోజు కొన్న సీడీలు జమ్మలమడుగు చేరేదాకా వాసన వచ్చేవి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు నన్ను ఒకసారి చూసి, కిటికీ వైపు జరిగేవాళ్ళు.

కువైట్‌లో ఒక పెద్దింటికి కారు డ్రైవరుగా చేసి వచ్చినవాడు మామ. ఆ ఇంటి పిల్లలను పెద్ద పెద్ద అంగళ్ళకు తీసుకుపోయి, వాళ్ళు బయటికొచ్చేదాకా ఎండలో కాచుకోవాలి. ఎండకు తాళలేక ఒకరోజు లోపలికి పోయి, చల్లగా ఉన్న మొదటి అంగట్లో నిలబడ్డాడు. అది వీడియో గేముల అంగడి. పిల్లలు ఆడేసిన సీడీ ఇచ్చి, పైన కొంచెం డబ్బు కట్టి, ఇంకో సీడీ తీసుకుపోతున్నారు. మామకు అది తెలిసిన పనే అనిపించింది. పాత గాజులిచ్చి కొత్త గాజులు తీసుకుపోయినట్టు ఉందే, ఇది మా ఊరి వ్యాపారం గదా, వీండ్లకెట్లా తెలిసింది అనుకున్నాడట. నీడ కోసం పోయి వ్యాపారం నేర్చుకుని వచ్చాడు.

ప్రొద్దుటూరులో పుట్టినవాళ్ళకు సరుకంటే బంగారమే. మిగతావన్నీ బంగారం కాలేకపోయిన వస్తువులు. మామ సీడీని కూడా బంగారంలాగే చూసేవాడు. మనం పాతది ఇస్తే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకుని, ట్యూబులైటు కింద ఏటవాలుగా వంచి, ఒక కన్ను మూసి చూసేవాడు. గీత కనబడితే గోటి కొనతో దాని మీద మెల్లగా రాసి లోతు తెలుసుకునేవాడు. "ఈడ తరుగు పోతాది మామా" అనేవాడు, పుస్తెలతాడు తూస్తున్నంత బాధగా. ఆ తరువాత సీడీని టీవీకి తగిలించిన ఆటల మిషనులో పెట్టి ఆట మొదలయ్యేదాకా చూసి, మొదటి శబ్దం రాగానే "పలికింది" అని తీసేసేవాడు. పలికిన సీడీకి డబ్బా లేకపోతే, బంగారు అంగళ్ళవాళ్ళ దగ్గర మిగిలిపోయిన ఎర్ర మఖమలు సంచిలో వేసి ఇచ్చేవాడు. అట్లాంటి సంచి ఒకటి నా బ్యాగులో మా అమ్మ కంటబడింది. ఆమె దాన్ని విప్పి చూసిన తర్వాత నా చదువు గురించి మా ఇంట్లో కొంత చర్చ జరిగింది.

ఆయన ఆడేది మాత్రం ఒకే ఒక్కటి, కార్ల పందెం. పందెం అనేది మా మాట. ఆయన లెక్కలో అది డ్యూటీ. మలుపు వస్తే వేగం తగ్గించేవాడు. సందులోంచి ఇంకో కారు వస్తే నిలిపి దారి ఇచ్చేవాడు. మేము తొక్కు మామా తొక్కు అని అరిస్తే, కండ్లు తెర మీది నుంచి తిప్పకుండా, ఆడ కెమెరా ఉంటుందని, జరిమానా పడితే జీతంలో కోస్తారని చెప్పేవాడు. అన్ని కార్లూ పోయి, జనం కూడా లేచిపోయాక గమ్యం చేరి, ఇంజను ఆపి, బండికి ఒక్క దెబ్బ తగల్లేదు చూడమని చూపించేవాడు. నిజమే, తగిలేది కాదు. ఓడిపోయి కూడా అంత నిబ్బరంగా ఉండే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

డౌన్‌లోడు ఆటల మీద ఆయనతో నా వాదన నా చదువంతా సాగింది. పరుపుల అంగడాయన తీర్పరి. నేను డౌన్‌లోడు తరఫు వకీలును. బస్సెక్కి రానక్కరలేదు గదా అంటే, ఇంట్లో కూచోని కొంటే ప్రొద్దుటూరు కారం దోసె ఎవురు తింటారని అడిగేవాడు. నేను మూతి తుడుచుకునేవాణ్ణి, ఎందుకంటే అప్పుడే తినొచ్చి ఉండేవాణ్ణి. గీతలు పడవు గదా అంటే మాత్రం వెంటనే ఒప్పుకునేవాడు. గీత పడదు, ఎలుక కొట్టదు, దాని మీద టీ గ్లాసు పెట్టరు, బామ్మర్ది ఎత్తుకపోడు. అన్నీ ఆయనే వేళ్ళు మడిచి చెప్పేవాడు. ఎదుటి పక్షానికి ఇంత సాయం చేసే ప్రతివాదిని పెట్టుకుని గెలవడం కష్టం.

పండగలకు సగానికి సగం తగ్గిస్తారని నేనంటే, తగ్గించేది వాండ్ల చేతిలో ఉంటే తీసేసేది కూడా వాండ్ల చేతిలోనే ఉంటుందని ఆయన అనేవాడు. స్నేహితునికి ఒక వారం ఇచ్చేదానికి లేదు గదా అనేది ఆయన పెద్ద ఫిర్యాదు. "ఇస్తే గదా వాడు తిరిగియ్యకుండేది? తిరిగియ్యకపోతే గదా కొట్లాట? కొట్లాడుకోకుండా యా స్నేహం నిలబడింది మామా?"

ఒకరోజు నేను మాటల్లో, మనం కొనేది నిజానికి ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమేనని, ఆ సంగతి వాళ్ళే సన్న అక్షరాలతో రాసి ఉంటారని చెప్పాను. చదువుకున్నవాణ్ణి కదా, సన్న అక్షరాలు చదివానని చెప్పుకోవడం నా ఉద్దేశం. ఆయన సీడీ తుడుస్తున్నవాడు ఆపి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"అంటే పెండ్లికి బాడుగకు తెచ్చిన నగ మాదిరి" అన్నాడు. "పెట్టుకో, ఫోటో దిగు, అంతే. అమ్ముకోలేవు, కుదువ పెట్టుకోలేవు. బాడుగ నగకన్నా ఇది అన్యాయం. దానికి తిరిగిచ్చే రోజన్నా తెలుస్తాది."

పరుపుల అంగడాయన సూది పక్కన పెట్టి, తీర్పు మామ వైపే ఇచ్చాడు. ఆయన వీడియో గేము ఎప్పుడూ ఆడలేదు గానీ, బాడుగ నగలతో పెండ్లి చేసుకున్న మనిషి.

సందులో నేను ఓడిపోయాను. ఊర్లో మాత్రం నేనే గెలిచాను. మెల్లమెల్లగా సీడీ కోసం వచ్చేవాళ్ళు తగ్గారు. గోడల మీది సీడీలు కదలకుండా ఉండిపోయాయి. ఎవరో ఒకాయన సీడీ పెట్టే సందే లేని కొత్తరకం మిషను తెచ్చి చూపించాడు. మామ దాన్ని చేతిలోకి తీసుకుని చుట్టూ తడిమాడు, తిరగేసి చూశాడు, మళ్ళీ నిలబెట్టాడు. "దీనికి నోరే ల్యా. ఏం తిని బతుకుతాది ఇది?" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం మాకు తెలుసు. ఆయన బామ్మర్ది, అంటే భార్య తమ్ముడు, కువైట్‌లో ఒక కంపెనీ స్టోరులో పనిచేసేవాడు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక అక్కకు ఫోను చేసి, బావకు డ్రైవరు వీసా సిద్ధంగా ఉందని చెప్పేవాడు. ఆమెను మేము అత్తా అనేవాళ్ళం. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. మాట తక్కువ మనిషి. వద్దూ అనలేదు, సరేనూ అనలేదు. పాస్‌పోర్టు గడువు అయిపోతే మాత్రం దగ్గరుండి మళ్ళీ చేయించింది, ఎందుకైనా మంచిదని. అంగడి అద్దె కూడా తన కుట్టుపని నుంచే పోతోందని తెలిసినాక ఒక మాట ఖాయం చేసింది. బక్రీదు దాకా చూద్దాం. అప్పటికీ అంగడి నడవకపోతే పోవాల్సిందే.

మామ దానికి ఎదురు చెప్పలేదు. కువైట్ గురించి ఆయన ఒక్క చెడ్డమాట అనగా నేను వినలేదు. అక్కడ ఏం బాగుండదు మామా అని అడిగితే, "అంతా బాగుంటాది. రోడ్లు బాగుంటాయి, నీళ్ళు బాగుంటాయి, ఆ ఇంటోళ్ళు మంచోళ్ళు. నేనొకన్నే ఆడ బాగుండను" అన్నాడు. అని, తుడిచిన సీడీనే మళ్ళీ తుడిచాడు.

ఇట్లా ఉండగా ఒక పొద్దున, చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. పెట్రోలు ట్యాంకు మీద బియ్యం సంచి, సంచిలో తువ్వాలు చుట్టిన మిషను. కోపంగా ఉన్నాడు. డౌన్‌లోడు ఆట కొన్నాడట. ఫోను నెట్టు మీద పెడితే, ఎంత దిగిందో చూపించే గీత కదలడం లేదట; కదిలినప్పుడల్లా ఫోనులో డేటా అయిపోయిందని మెసేజి వస్తుందట. కొన్నది నాదేనా కాదా, ఇది ఎప్పటికి దిగుతుంది, మిషనేమన్నా చెడిపోయిందా చూడమన్నాడు. ఆయనకు ఆట అమ్మింది మామ కాదు, మిషను అమ్మింది మామ కాదు. అయినా వీడియో గేముకు సంబంధించిన దుఃఖం ఎవరికొచ్చినా ఆ సందుకే రావడం అలవాటు.

మిషను బాగానే ఉందని మామ చూసి చెప్పాడు. తర్వాత మూల చుట్టపెట్టిన వైరు గుర్తొచ్చి, దాన్ని తెచ్చి తగిలించాడు. తెర మీద గీత కదిలింది. కదలడమేమిటి, ఉరికింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, చేలోకి వదిలిన నీళ్ళు మడి నిండుతుంటే చూసినట్టు చూశారు. చిలమకూరాయన బజారులో పని చూసుకుని, దోసె తినొచ్చేసరికి ఆట దిగిపోయింది. ఎంతివ్వాలి అని అడిగాడు. మామ ఇరుకున పడ్డాడు. సరుకు ఇవ్వలేదు, మార్పు చేయలేదు, దేనికని తీసుకోవాలి? జొన్నలు పట్టిస్తే పిండి మిషనాయనకు ఏమిస్తావో అది ఇయ్యమన్నాడు.

ఆ మాట ఎట్లా పాకిందో గానీ, పిండి మిషనుకు పోయే తోవ మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పెండ్లి బట్టలకు ప్రొద్దుటూరు వచ్చేవాళ్ళు, బంగారానికి వచ్చేవాళ్ళు, పొద్దున వచ్చి మిషను మామ దగ్గర పెట్టి, సాయంత్రం తీసుకుపోవడం మొదలుపెట్టారు. మైదుకూరు నుంచి వచ్చేవి, ఎర్రగుంట్ల నుంచి వచ్చేవి, పులివెందుల నుంచి బస్సులో సీటు కింద వచ్చేవి. బియ్యం సంచి, ఎరువుల సంచి, పాత చీర మూట. అంగట్లో కింద వరసగా పెట్టేవాళ్ళు, పిండి మిషను దగ్గర డబ్బాలు పెట్టినట్టు. ముందు పెట్టింది ముందు. మధ్యలో ఎవరన్నా దూరితే మిగతావాళ్ళే చూసుకునేవాళ్ళు.

డౌన్‌లోడు మొదలవ్వాలంటే ఎవరి మిషను వాళ్ళే తెరిచి పాస్‌వర్డు కొట్టాలి. వాళ్ళు కొడుతున్నంతసేపు మామ లేచి, గోడ వైపు తిరిగి నిలబడేవాడు. పక్కింటి ఆడవాళ్ళు చీర సర్దుకుంటుంటే తిరిగి నిలబడినట్టు. అయిందా అని అడిగి, అయిందంటేనే తిరిగేవాడు. ఎవరన్నా ఫర్వాలేదులే మామా చూడు అన్నా చూసేవాడు కాదు.

కొత్త వ్యాపారంలో కూడా ఆయన పాత కక్ష వదల్లేదు. పులివెందుల దగ్గర గొర్రెలున్న ఇంటి మనిషి ఒకాయన, ఆడేసిన డౌన్‌లోడు ఆటను మార్పుకు తీసుకోమని మిషనుతో సహా వచ్చాడు. ముసలిదైతే గొర్రెను కూడా ఇచ్చి, పైన కొంచెం దుడ్లు వేసి పిల్లను తెచ్చుకుంటాం గదా, దీనికేం రోగమని ఆయన ప్రశ్న. మామకు ఆ రోజు చాలా సంతోషమైంది. లోకంలో తనతో ఏకీభవించేవాడు ఒకడు దొరికాడు. ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, బాడుగ నగ సంగతి మొదటి నుంచి చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంకో ఆట దించుకున్నారు.

బక్రీదుకు బామ్మర్ది సెలవు మీద వచ్చాడు. పండగ అయిన మూడోరోజు అక్కను వెంటబెట్టుకుని అంగడికి వచ్చాడు, బావతో మాట తేల్చుకుందామని. నేను అక్కడే ఉన్నాను. ఉండకూడదనుకున్నాను గానీ, నా ఆట సగమే దిగి ఉంది.

బామ్మర్ది మంచివాడు, కొత్త చొక్కా, పెద్ద గడియారం. గోడల మీది సీడీలను చూసి జాలిపడ్డాడు. ఇవన్నీ అటకెక్కించు బావా అన్నాడు. తను కూడా కువైట్‌లో మిషను కొన్నాడట, ఆటలన్నీ డౌన్‌లోడే, ఒక్క సీడీ లేదు, గది నిండదు, దుమ్ము పట్టదు. "అన్నీ పైన ఉండాయి. భూకంపమొచ్చినా యాడికీ పోవు" అన్నాడు. పైన అంటే నెట్టాఫీసోళ్ళ దగ్గరనా అని మామ అడిగాడు. బామ్మర్ది కాదని ఓపికగా చెప్పి, వీసా మాట ఎత్తాడు. ఇంటి డ్రైవరు పనే, మంచి జీతం, నెల లోపల చేరాలి. మామ సీటులో కూర్చుని, చెయ్యి బెల్టు మీద పెట్టుకుని వింటున్నాడు. ఆయన మొహంలో, మలుపు దగ్గర వేగం తగ్గించేటప్పుడు ఉండే జాగ్రత్త ఉంది.

ఈ మాటలు జరుగుతుండగానే జనం వస్తున్నారు. మామ లేవలేడు, వీసా ఎదురుగా ఉంది. వచ్చినవాళ్ళు సంచులు చేతిలో పెట్టుకుని నిలబడితే అత్తే అందుకుంది. రెండు ఒకేరకం బియ్యం సంచులు వచ్చాయి. ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుందని మామను అడిగింది. మోసి చూస్తే తెలుస్తుందని ఆయనన్నాడు. ఆమెకు ఆ పద్ధతి నచ్చలేదు. తన చేతిసంచిలోంచి జాకెట్టు గుడ్డ ముక్కలు తీసి, ఒకదానికి పచ్చది, ఇంకోదానికి ఎర్రది కట్టి, అదే రంగు ముక్క మనిషి చేతికిచ్చింది. తన దగ్గరికొచ్చే జాకెట్లకు చేసినట్టే. కాసేపటికి వరసలోని సంచులన్నిటికీ రంగులొచ్చాయి. మామ వైపు చూసి, ఇన్ని రోజులు ఎట్లా చేస్తాండావు దీన్ని అని అడిగింది. ఆ అంగడి పనిలో ఆమె పెట్టిన మొదటి వంక అదే.

సాయంత్రానికి బామ్మర్ది విసిగిపోయాడు. ఏదో ఒకటి చెప్పక్కా, వాండ్లకు నేను జవాబు చెప్పాల అన్నాడు. అత్త ఒక సంచికి ముడి వేస్తోంది. తల ఎత్తలేదు.

"తాళమేసి పోతే ఈ మిషన్లన్నీ ఎవురిస్తారు వాండ్లకు? నమ్మి పెట్టిపోయినారు. ముందు ఇవన్నీ పోనీ. ఇవి ఖాళీ అయినాక పోతాడులే."

బామ్మర్ది సరే అన్నాడు, న్యాయంగానే ఉంది కాబట్టి. మామ కూడా తల ఊపాడు. ఎవరూ పోవద్దని అనలేదు, పోతాననీ అనలేదు. మరుసటి రోజు సంచుల్లో సగం పోయాయి, ఇంకో సగం వచ్చాయి. ఆ మర్నాడూ అంతే. నెల దాటింది, రంజాను కూడా వచ్చింది, పోయింది. పచ్చ గుడ్డది పోతే నీలం గుడ్డది వచ్చింది. అంగడి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాలేదు. అయ్యుంటే ఆయన పోయేవాడనే నా నమ్మకం. మాట మీద నిలబడే కుటుంబం. అత్త కుట్టు మిషను తెచ్చి అంగట్లోనే ఒక మూల వేసుకుంది. ఖాళీగా ఉన్నప్పుడు అక్కడే కుట్టేది.

ఏండ్లు గడిచాయి. ఇప్పుడు పులివెందులలో నెట్టు బాగుంది, చిలమకూరులో కూడా బాగుందట. సంచులు పలచబడ్డాయి. కానీ ఈలోగా మామకు వీసా వచ్చే వయసు కూడా దాటిపోయింది. దాన్నే ఆయన రిటైర్మెంటు అంటాడు. నేను ప్రొద్దుటూరు పోయినప్పుడల్లా, అవసరం లేకపోయినా, ఆ సందులోకి పోయి కూర్చుని వస్తాను.

అట్లా పోయిన ఒకరోజు బామ్మర్ది ఉన్నాడు. గడ్డం నెరిసింది, గడియారం లేదు. పూర్తిగా వచ్చేశాడట. అందరిలాగే తన మిషను సంచిలో పెట్టుకుని వచ్చి వరసలో కూర్చున్నాడు. అత్త తమ్ముడని చూడకుండా దానికీ ఒక పసుపు గుడ్డ కట్టింది. వంతు వచ్చినాక మామ తగిలించాడు. ఆటలన్నీ ఉన్నాయి, నిజంగానే యాడికీ పోలేదు. తెర మీది రాతలు మాత్రం అరబ్బీలో ఉన్నాయి; చదవకుండా బొమ్మల గుర్తు మీదే ఇన్నాళ్ళూ ఆడాడట. మామ ముందుకు వంగి, చిన్నప్పుడు మసీదులో నేర్చుకున్నట్టు, ఒక్కొక్క అక్షరం గౌరవంగా చదివాడు. అంటే ఏంది బావా అని బామ్మర్ది అడిగాడు. అర్థం తనకు రాదన్నాడు మామ. తనకు తెలిసిన అరబ్బీ ఎడమ, కుడి, నిలుపు, నాయనకు చెప్పొద్దు, అంతవరకేనట.

రాతలు మార్చుకోవడం కష్టం కాలేదు, నేను మార్చి ఇచ్చాను. అసలు చిక్కు వేరే ఉంది. బామ్మర్ది ఖాతా తెరిచింది కువైట్‌లో. ఒకసారి ఏ దేశమని రాశామో ఆ ఖాతాకు అదే దేశం. కొత్త ఆట కొందామంటే మన బ్యాంకు కార్డు తీసుకోవడం లేదు. కువైట్ అంగళ్ళలో అమ్మే రీఛార్జి కార్డు కావాలి. ఇంకో ఖాతా తెరిస్తే, ఇన్నేండ్లు కొన్నవన్నీ ఆ పాతదాంట్లోనే ఉండిపోతాయి. అన్నీ విని బామ్మర్ది నీరుగారిపోయాడు. అక్కడున్న మనవాళ్ళలో ఎవరికన్నా ఫోను చేసి కార్డు కొనిపెట్టమంటే సరిపోతుంది గదా అన్నాను. తెలిసినవాళ్ళు శానామంది ఉన్నారట. కానీ ఈ వయసులో ఆటల కార్డు కొనిపెట్టమని వాళ్ళనెట్లా అడిగేది, నవ్వుతారు అన్నాడు. సొంతమనిషి అయితే సిగ్గుండదట. మామ వైపు తిరిగాడు.

"బావా, కువైట్‌లో మన ఇంటి మనిషి ఇప్పుడు ఎవురన్నా ఉండారా?"

అత్త కుట్టు మిషను ఆపింది. నోట్లోని దారాన్ని పళ్ళతో తెంపింది. మామ ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకుంటున్నట్టు వేళ్ళు మడిచాడు.

"ఒకడు పోవల్సినోడు ఉండె" అన్నాడు. "పోల్యా."